కాగితం తడిసిన రోజు

మొన్న సోమవారం కృప ఒక్కతే వచ్చింది. పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఆ పిల్ల ఒక్కతే రావడం అదే మొదలు. అలవాటు కొద్దీ ఆమె వెనక చూశాను. తడి తువ్వాల భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గడప దగ్గర ఆగి "లోపలికి రావొచ్చునా నాయనా" అని అడిగే మనిషి అక్కడ ఉండాలి. ఎవరూ లేరు.

"అవ్వ యాడమ్మా?" అన్నాను.

"అవ్వ పోయింది సార్. రెండు నెలలాయ."

ఆ మాట చెప్పి కృప కుర్చీలో కూర్చుంది. నేను కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాను. అందులో తుడవడానికేమీ లేదు.

నేను కడపలో ఒక చిన్న కంటి ఆసుపత్రిలో పని చేస్తాను. డాక్టరును కాను. డాక్టరమ్మ చూడకముందు గోడ మీది అక్షరాలు చదివించడం, చుక్కలు వేయడం, కంట్లో కాగితం పెట్టి నీరు ఎంత ఊరుతోందో కొలవడం నా పని. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నన్ను కూడా సారు అంటారు. ఆ పిలుపు రుచి మరిగి, డాక్టరు చెప్పవలసిన మాటలు కూడా అప్పుడప్పుడు నేనే చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు ఇదంతా రాయవలసి రావడానికి కారణం నా ఆ జబ్బే.

అవ్వది మైదుకూరు దగ్గర పల్లె. కూలి మనిషి. కృప తల్లి కువైట్‌లో ఎవరింట్లోనో పనికి పోయింది, తండ్రి అంతకుముందే ఇల్లు వదిలిపోయాడు. పిల్లకు ఐదో ఏట మోకాళ్లు వాచాయి. పొద్దున లేస్తే కాళ్లు కొయ్యబారిపోయేవి, ఎండెక్కితే గానీ నడిచేది కాదు. కర్నూలులో కీళ్ల డాక్టరు చూసి, ఇది చిన్నపిల్లలకు వచ్చే కీళ్లవాతం అని చెప్పి వారానికొక మాత్ర రాశాడు. కళ్లు కూడా చూపించుకోమని మా దగ్గరికి పంపాడు. అవ్వకు ఇది చివరిదాకా మింగుడుపడలేదు. మొదటిరోజే డాక్టరమ్మ ముందు నేలమీద గొంతుక్కూర్చుని, చేయి ఆనకుండా లేచి నిలబడింది. మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది.

"చూడు తల్లీ, అరవై దాటినాయి నాకు. మోకాళ్లు కిర్రుమనవు. నాకు రావల్సింది అడ్రసు తప్పి దీనికి పోయింది. మళ్లా నాకు తిప్పి పంపేదానికి మందు లేదా?"

డాక్టరమ్మ నవ్వబోయి ఊరుకుంది.

కళ్ల సంగతి వాళ్లింట్లో ముందే తెలుసుగానీ, దాన్ని వాళ్లు జబ్బనుకోలేదు. ఎర్రగడ్డల కాలంలో ఇంటిముందు ఉల్లి కుప్ప పోసుకుని తరుగుతుంటే అందరి కళ్లూ కారిపోయేవట, కృపకు మాత్రం చుక్క రాలేదట. "మా పాప శానా గట్టిది, ఎర్రగడ్డ కూడా దాన్ని ఏడిపిచ్చలేదు" అని అవ్వ పదిమందికి చెప్పుకుంది. కళ్లు మంటగా ఉన్నాయని, ఇసుక పడినట్టు ఉందని పిల్ల నులుముకుంటే బడి తప్పించుకునే వేషాలనుకుంది. మా దగ్గర మొదటిసారి కాగితం పెట్టి చూస్తే ఐదు నిమిషాలకు అంచు మాత్రమే తడిసింది. ఆ పొడి కాగితాన్ని అవ్వ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "దీన్ని నేను కొట్టినాను నాయనా, నులుముకోవద్దని" అంది.

తర్వాత ఆమె చేసిన సేవ ఇంకెవరూ చేయగా నేను చూడలేదు. బస్సులో పిల్లను కిటికీ వైపు కూర్చోనిచ్చేది కాదు, గాలి తగులుతుందని. తువ్వాల తడిపి కళ్ల మీద కప్పేది. పక్కవాళ్లు జాలిపడి "అమ్మవారు పోసిందా అవ్వా?" అని అడిగితే ఒంటికాలి మీద లేచేది. "అమ్మవారు గాదు, అయ్యవారు గాదు. కండ్లల్లో నీళ్లు లేవు, అంతే. నువ్వు ఆ కిటికీ మూయి." ఆసుపత్రిలో అందరూ ఫ్యాను కింద చేరితే, ఆమె పిల్లను ఫ్యానుకు దూరంగా వరండాలో కడప బండ మీద కూర్చోబెట్టేది.

రెప్పలు ఎక్కువగా కొట్టాలని డాక్టరమ్మ చెప్పింది. పిల్ల మరిచిపోయేది. అవ్వ తన కుడిచేయి పిల్ల ఎదుట పెట్టి పిడికిలి తెరిచేది, మూసేది. తెరిస్తే కన్ను తెరవాలి, మూస్తే మూయాలి. బస్సులో, బడి గేటు బయట, చివరికి చర్చిలో పాటలు పాడేటప్పుడు కూడా ఆ పిడికిలి ఆడుతూనే ఉండేదట. వాళ్లనూ వీళ్లనూ పలకరిస్తూ ఉన్నా చేయి ఆగేది కాదు. కొత్తగా చూసినవాళ్లు ఆమెకు నరాల జబ్బేమో అనుకునేవారు.

ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "నాకు పెట్టు నాయనా ఆ కాగితం" అంది. నీకెందుకవ్వా, నీ కళ్లు బాగానే ఉన్నాయి కదా అన్నాను. పెట్టమంది. పెట్టాను. రెండు నిమిషాలకే కాగితం కొసదాకా తడిసిపోయింది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని నాకు చూపించింది.

"ఇన్ని ఉండాయి నాకాడ. నేనేం చేసుకోవల్ల? రక్తం ఎక్కిస్తాండారు గదా ఒకరిది ఒకరికి. ఇవి ఎక్కిచ్చు దానికి."

అట్లా కుదరదవ్వా అన్నాను. ఎందుకు కుదరదో సరిగ్గా చెప్పలేక కసురుకున్నాను కూడా. బయట ఇరవైమంది ఉన్నారు, నాకు పనుంది అన్నాను. ఆమె ఆ కాగితాన్ని పారేయకుండా కొంగుకు కట్టుకుని పోయింది.

కన్నీళ్ల కోసం ఆమె అంతగా ఎందుకు తపించిందో నాకు తర్వాత తెలిసింది. వాళ్ల చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఆడవాళ్లు మోకాళ్ల మీద వంగి కన్నీళ్లతో ప్రార్థిస్తారు. కన్నీటి ప్రార్థన అంటారు దాన్ని. అందరికంటే ఎక్కువగా స్వస్థత అవసరమైన పిల్ల అక్కడ ఒక్కతే, మోకాళ్లు వంగనిదీ కన్నీళ్లు రానిదీ కూడా ఒక్కతే. పాస్టరు అయ్యగారు మంచివాడు. "కుర్చీలో కూర్చుని చేసినా దేవునికి వినబడుతుందమ్మా, మందులు మాత్రం మానొద్దు" అనేవాడట. అయినా పక్కన కూర్చున్నవాళ్ల నోళ్లు ఆయన మూయలేడు కదా. "మోకాలు వంచదు, కంటతడి పెట్టదు, దాని ప్రార్థన యాడ ముడుతుంది?" అని ఎవరో అన్నారు. ఆ మాట అవ్వలో ముల్లులా ఉండిపోయింది.

కర్నూలు డాక్టరు రాసిన పసుపుపచ్చ మాత్రను ఆమె ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీదే వేసేది. ఆదివారం మాత్ర అనేది దాన్ని. మూడేళ్లలో ఒక్క వారం తప్పలేదు.

ఇక ఆ రోజు సంగతి. కృపకు అప్పుడు ఎనిమిదేళ్లు. మండు వేసవి, వరండా నిండా జనం. ఈ కాగితం పెట్టేముందు కన్ను మొద్దుబారే మందు ఒక చుక్క వేయడం మా దగ్గర పద్ధతి. లేకపోతే కాగితం గుచ్చుకుంటుంది, గుచ్చుకున్న కంట్లో నీళ్లు వస్తాయి, ఆ నీళ్లు కంటి సొంత తడి కాదు. ఆ చుక్కల సీసా నా బల్ల మీద అయిపోయింది. పక్క గదిలో ఉంది. లేచి పది అడుగులు వేయాలి. నేను లేవలేదు.

"సార్, గుచ్చుకుంటాండాది" అంది కృప.

"అయిదు నిమిషాలు ఓర్చుకో" అన్నాను.

ఐదు నిమిషాలకు కాగితాలు రెండూ తడిసి ఉన్నాయి. అవ్వ నా భుజం మీదుగా తొంగిచూసి, "తడిసె! నాయనా, తడిసె!" అని కేకపెట్టింది. ఆమె మొహం చూసి నాకూ సంతోషం పొంగింది. అబద్ధం చెప్పడం ఎందుకు, ఆ క్షణాన నేను డాక్టరునైపోయాను.

"నీళ్లు ఊరుతాండాయవ్వా. ఇంక బాగైనట్టే" అన్నాను.

తర్వాత డాక్టరమ్మ చూసింది. కంటి లోపల ఏమీ లేదు, మాత్ర ఆపొద్దు, మూడు నెలలకు మళ్లీ రండి అని చెప్పింది. ఈ పిల్లలకు పొడిబారడం ఒక బాధ, లోపలి వాపు ఇంకొక బాధ. పొడిబారితే మంట పుడుతుంది, తెలుస్తుంది. లోపలి వాపు ఎర్రబడదు, నొప్పెట్టదు, చప్పుడు చేయకుండా చూపు తినేస్తుంది. అందుకే బాగున్నా సరే మూడు నెలలకోసారి రమ్మంటారు. ఇవన్నీ వాళ్లకు అర్థమయ్యేలా విడమరచి చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఆ రోజు చెప్పలేదు. బాగైనట్టే అన్నాక ఇంకేం చెబుతాను? 'బాగైనట్టే'లోని ఆ 'అట్టే' నేను ఎంత తేలిగ్గా అన్నానో, ఆమె అంత తేలిగ్గా దాన్ని వదిలేసి, బాగైంది అన్న ముక్క ఒక్కటే ఇంటికి తీసుకుపోయింది.

మూడు నెలలకు వాళ్లు రాలేదు. ఆరు నెలలకూ రాలేదు. రానివాళ్లు బాగున్నారనుకోవడం మాకు సుఖం, నేనూ అట్లాగే అనుకున్నాను. పదో నెలలో అవ్వ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తడి తువ్వాల లేదు.

"బడిలో బోర్డు మీదివి తప్పుగా రాసుకుంటాందంట నాయనా. నొప్పి లేదంటాది. ఎరుపు లేదు. కండ్లు సుబ్బరంగా తెల్లగా ఉండాయి. అద్దాలు రాసిస్తారేమోనని తెచ్చినా."

నేను లైటు వేసి చూశాను. కుడి కంటిపాప గుండ్రంగా లేదు. అంచులు లోపల అతుక్కుపోయి, చిరిగిన ఆకులా ఉంది. డాక్టరమ్మ చాలాసేపు చూసి, దీపం ఆపి, ఆ చీకట్లోనే అడిగింది, మాత్ర ఎప్పుడు ఆపారు అని.

"సాక్ష్యం చెప్పిన ఆదివారం నుంచి తల్లీ" అంది అవ్వ.

కాగితం తడిసిన మరుసటి ఆదివారమే ఆమె చర్చిలో నిలబడి, నా మనవరాలికి కన్నీళ్లొచ్చినాయి, స్వస్థత కలిగింది అని సాక్ష్యం చెప్పింది. జనం చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెప్పారు. బాగైంది అని దేవుని ముందు చెప్పి, అదే మెట్ల మీద మళ్లీ మాత్ర వేయడం ఆమెకు ఇచ్చిన మాట తప్పినట్టు అనిపించింది. అయ్యగారు అడిగితే కంటి ఆసుపత్రిలోనే చెప్పినారంది. ఆయన నమ్మాడు.

"ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరమ్మ అడిగింది. అవ్వ తలొంచుకుంది. నేను చుక్కల ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఇంతకంటే మర్యాదగా చెప్పడానికి నాకు మాట లేదు.

సాయంత్రం వరండాలో బండ మీద కూర్చుని ఉంటే ఆమె దగ్గరికి పోయాను. కృప పక్కనే తూగుతోంది. "ఆ కాగితం అబద్ధం చెప్పిందా నాయనా?" అని అడిగింది. కాగితం కాదవ్వా, నేను అన్నాను. చుక్క వేయని సంగతి, కాగితం గుచ్చుకుని నీళ్లొచ్చిన సంగతి అన్నీ చెప్పాను. కేకలు వేస్తుందనుకున్నాను, వేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె తూగుతున్న పిల్ల వైపు తిరిగింది.

"అంటే ఆ పొద్దు నా బిడ్డ నొప్పికి ఏడ్చిండాది" అంది. "మేము చప్పట్లు కొట్టినాము."

ఎడమ కన్ను నిలబడింది. కుడి కన్ను నిలవలేదు. ఆపరేషన్లు, సూదులు, హైదరాబాదు ప్రయాణాలు అయ్యాయి. చివరికి ఆ కంట్లో వెలుతురూ చీకటీ తేడా మాత్రం మిగిలింది.

ఆ మరుసటి ఏడాది వాళ్ల ఊళ్లో కంటి పరీక్షల శిబిరం పెట్టాం. చర్చిలోనే, ఆదివారం ఆరాధన అయ్యాక. నేను ముందుగా పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాను. సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరో మగ్గం పని దొరికిందని చెప్పారు, ఎవరో కాన్పు సుఖంగా అయిందని చెప్పారు. తర్వాత అవ్వ లేచింది. ముందుకు పోయి, కృపను పక్కన నిలబెట్టుకుంది.

"ముందటేడు ఈడనే నిలబడి ఒక సాక్ష్యం చెప్పినాను. అది అబద్ధ సాక్ష్యం. నా బిడ్డకు బాగు కాలేదు. ఆదివారం మాత్ర నేను ఆపినాను. దాని కన్ను పోయింది. ఇట్లాంటి నొప్పులుండే పిల్లోళ్లు మీ ఇండ్లల్లో ఉంటే, నీళ్లొచ్చినాయనో, ఎరుపు పోయిందనో మందు ఆపొద్దండి. అంతే నేను చెప్పేది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందువరసలో ఒక పెద్దాయన లేచి, "మరి ఆసుపత్రిలోనే బాగైందని చెప్పినారంటివే అక్కా. ఎవురు చెప్పినారు?" అన్నాడు.

ఆమె నన్ను చూసింది. అంత దూరం నుంచీ చూసింది. కుడిచేతి పిడికిలి ఒకసారి తెరిచి మూసింది.

"ఎవురూ చెప్పలేదన్నా. నేనే అనుకున్యా" అంది.

అబద్ధ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడానికి నిలబడిన మనిషి, అక్కడే, బైబిలు ముందు, నా కోసం ఇంకొక అబద్ధం చెప్పింది. నేను లేచి, చెప్పింది నేనే అనవచ్చు. ఆ చర్చిలో నన్ను కొట్టేవాళ్లెవరూ లేరు. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

శిబిరం అయ్యాక అడిగాను, ఎందుకవ్వా అట్లా చెప్పినావని.

"నీ మీద ప్రేమ గాదులే" అంది, తడిపిన తువ్వాల పిండుతూ. "నిన్ను తీసేసి కొత్తోణ్ణి పెడతారు. వాడూ ఎవురి బిడ్డనో పొడిచి నేర్చుకోవల్ల. నువ్వైతే ఇంగ ఆ చుక్క మరిచిపోవు." తువ్వాల భుజాన వేసుకుని రెండడుగులు పోయి మళ్లీ వెనక్కి తిరిగింది. "నేను నిన్ను క్షమించినాననుకోవాకు. కన్ను నాది గాదు. పెద్దయినాంక నువ్వే దాంతో చెప్పు. అది ఏమంటాదో అనిపించుకో."

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆమె మూడు నెలలకొకసారి వచ్చింది. ఒక్కసారీ ఆ సంగతి ఎత్తలేదు. కాగితం పెట్టే ముందు మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి చుక్కల సీసా ఎత్తి, ఊపి, చెవి దగ్గర పెట్టుకుని అందులో మందు ఉందో లేదో వినేది. నేను సిగ్గుతో చచ్చేవాణ్ణి, కానీ అడ్డం చెప్పలేదు. కృప పదో తరగతి అయింది, ఇంటర్ అయింది. పెద్దదైంది కదా, చెప్పాలి అనుకునేవాణ్ణి. వచ్చేసారి అనుకునేవాణ్ణి. అవ్వ పోతూ పోతూ నావైపు ఒక చూపు చూసేది, ఈసారీ చెప్పలేదా అన్నట్టు.

మొన్న సోమవారం కృప ఎదురుగా కూర్చుని చెప్పింది. "చివర్లో మాట పడిపోయింది సార్. మనుషుల్ని గుర్తుపట్టేది కాదు. నన్ను చూస్తే మాత్రం పిడికిలి తెరుస్తా, మూస్తా ఉండె. ఆ పొద్దంతా నేను ఎదురుగా కూర్చుని రెప్పలు కొడ్తానే ఉన్యా."

"ఏడ్చినావా అమ్మా?" అనేశాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది.

"ఏడ్చినా సార్. నీళ్లు రాల్యా. శవం కాడ కూడా ఎవురో అన్నారు, కంటతడి పెట్టదే అని." ఆమె చున్నీ సర్దుకుంది. "అవ్వ ఉండింటే కిటికీ మూయి అనుండు."

ఇంక వచ్చేసారి అనుకుంటే, గుర్తు చేసే ఆ చూపు కూడా లేదు. కృపా, నీకొక మాట చెప్పాలి అన్నాను. చుక్క సంగతి, కాగితం సంగతి, బాగైనట్టే అన్న సంగతి, చర్చిలో అవ్వ నన్ను కాపాడిన సంగతి, అన్నీ వరసగా చెప్పాను. నేల చూస్తూ చెప్పాను. అంతా అయ్యాక తలెత్తితే, ఆమె ఎడమ కన్ను నా మీదే ఉంది. కుడిది కొంచెం పక్కకు, గోడ మీది అక్షరాల వైపు ఉంది.

"తెలుసు సార్" అంది. "ఆ పొద్దు కుర్చీలో ఉండింది నేనే గదా. గుచ్చుకుంటాందని చెప్పింది కూడా నేనే."

పదకొండేళ్లుగా ఆ పిల్లకు తెలుసు. మూడు నెలలకొకసారి వచ్చి, నా ముందు తల వెనక్కి వాల్చి, నా చేతికి కన్ను అప్పగించి, నేను చెబుతానేమోనని చూసి పోయింది. నన్ను క్షమించావా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె తనంతట చెప్పలేదు.

బల్ల మీది సీసా తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది, అచ్చం అవ్వలాగే. విని, నా చేతిలో పెట్టింది. తల వెనక్కి వాల్చింది.

"ముందు చుక్క వేయండి సార్" అంది.

కింది రెప్ప లాగి పట్టుకున్నాను. మొదటి చుక్క గురి తప్పి చెంప మీద పడి గడ్డం దాకా జారింది. కృప దాన్ని తుడుచుకోలేదు. రెండోది కంట్లో వేశాను.